డిసెంబరు రాకుండానే డిసెంబరు ఖర్చు!

ప్రశ్న: రొయ్యల గుంటల ఖర్చులు ఎక్సెల్‌లో రాస్తున్నాం. ‘ఏ’ (A) కాలమ్‌లో తేదీ, బిలో గుంట, సిలో మేత, డీజిల్, కూలి వగైరా, డిలో రూపాయలు. నెలవారీ మొత్తం తీస్తే మే నెలది బాగా తక్కువగా, ఇంకా రాని డిసెంబరులో వేల రూపాయలు కనిపిస్తున్నాయి. ఎందుకని?
- ఒక రైతు, విడవలూరు

జవాబు: మీ కంప్యూటర్ అమెరికా పద్ధతిలో తేదీ చదువుతోంది. మే 12 అని 12-05-2025 కొడితే దానికది డిసెంబరు 5. మే 13 కొడితే పదమూడో నెల లేదు కాబట్టి ఉత్త అక్షరాలుగా వదిలేస్తుంది, ఏ నెలలోకీ చేరదు. సెల్‌లో ఎడమ వైపుకు అతుక్కుని ఉన్న తేదీలు ఇవే.

ముందు కంట్రోల్ ప్యానెల్‌లో రీజియన్‌ను ఇంగ్లిష్ (ఇండియా)కు మార్చండి. ఇకమీదట కొట్టేవి సరిగ్గా పడతాయి, పాతవి మాత్రం వాటంతట అవి మారవు. వాటి కోసం ఖాళీగా ఉన్న ‘ఈ’ (E) కాలమ్‌లో ఇది పెట్టండి (అచ్చులో తెలుగు అక్షరాలు వేశాం, షీట్‌లో ఇంగ్లిష్ అక్షరాలతోనే కొట్టాలి):

=ఇఫ్(ఈజ్‌నంబర్(ఏ2),డేట్(ఇయర్(ఏ2),డే(ఏ2),మంత్(ఏ2)),డేట్(రైట్(ఏ2,4),మిడ్(ఏ2,4,2),లెఫ్ట్(ఏ2,2)))

పాత వరుసల వరకే కిందికి లాగి, కాపీ చేసి, ‘ఏ’ కాలమ్‌లో పేస్ట్ స్పెషల్, వాల్యూస్ ఇవ్వండి. నెలను 5 అని కాక 05 అని, సంవత్సరాన్ని నాలుగంకెల్లో రాసి ఉంటేనే ఇది పనిచేస్తుంది. రెండుసార్లు చేశారో, తేదీలు మళ్లీ తిరగబడతాయి. ఫైల్ నకలు ఒకటి దాచుకుని మొదలుపెట్టండి.

ఇక మొత్తాలు. జి2లో 01-04-2025, జి3లో =ఈడేట్(జి2,1), అలా మార్చి దాకా లాగండి. హెచ్2లో ఇది పెట్టి, దాన్నీ మార్చి దాకా లాగండి:

=సమ్‌ఇఫ్స్($డి$2:$డి$2000,$ఏ$2:$ఏ$2000,">="&జి2,$ఏ$2:$ఏ$2000,"<"&ఈడేట్(జి2,1))

సమ్‌ఇఫ్‌లో కూడాల్సిన కాలమ్ చివర వస్తుంది, సమ్‌ఇఫ్స్‌లో మొదట. ఈ వరుస తారుమారైతే లెక్క తప్పుతుంది. ఒక్కో గుంటకు విడిగా కావాలంటే చివరి బ్రాకెట్ ముందు ,$బి$2:$బి$2000,"గుంట 3" చేర్చండి.

రూపాయల కాలమ్‌లో 1,200/- అని రాశారేమో చూడండి. ఆ గీత ఉంటే అది అంకె కాదు, ఫార్ములా కిక్కురుమనకుండా దాటేస్తుంది. కంట్రోల్ హెచ్ నొక్కి /- వెతికి, బదులు ఏమీ పెట్టకుండా రీప్లేస్ ఆల్ ఇవ్వండి. చివరగా హెచ్ మొత్తం, డి మొత్తం పోల్చండి. సంవత్సరం వరుసలన్నీ ఈ పన్నెండు నెలల్లోవే అయితే తేడా రాకూడదు. వస్తే ఏదో వరుసలో తేదీ పాడైనట్టే.

ఒక్క మాట: పంట మూడు నాలుగు నెలలు సాగుతుంది. లాభనష్టాలు నెలల మీద కాదు, పంట మీద తేల్చాలి. పంట నంబరుకు ఇంకో కాలమ్ పెట్టుకోండి.

ప్రశ్న: పొగాకు వేలం సొమ్ము మంత్ ఫార్ములాతో కూడితే 2024 మార్చి, 2025 మార్చి కలిసిపోతున్నాయి.
- కొండపి

జవాబు: మంత్ నెల నంబరే ఇస్తుంది, సంవత్సరం దానికి పట్టదు. పైగా ఎక్సెల్ తేదీ లేని ఖాళీ సెల్‌ను జనవరిగా లెక్కేస్తుంది. పైన చెప్పిన సమ్‌ఇఫ్స్ వాడండి, నెల మొదటి తేదీలోనే సంవత్సరం ఉంటుంది.