బుజ్జీ, గాజు గ్లాసు కొనుక్కెళ్ళు

బుజ్జీ,

డీఎస్సీలో నీకు ఎస్జీటీ పోస్టు వచ్చిందని, అదీ పాడేరు అవతల ఏకోపాధ్యాయ పాఠశాల అని మీ అమ్మ ఫోన్లో చెబుతూ ఏడ్చింది. నేను మాత్రం పక్కింటావిడకి స్వీట్లు ఇచ్చొచ్చి, ఆ తర్వాత తీరిగ్గా కూర్చుని టెన్షన్ పడ్డాను. దోమతెర మర్చిపోకు.

సైన్సులో పిల్లలకి ఆలోచించడం నేర్పిస్తానన్నావట. సరే. ప్రశ్న అడిగాక మనసులో ఐదు లెక్కపెట్టు, జవాబు నువ్వే చెప్పేయకు. ఇంట్లో కువి మాట్లాడే పిల్లలుంటే ముందు వాళ్ళ భాషలోనే చెప్పనియ్యి, తెలుగు మాట వెతుక్కునేలోపు ఆలోచన జారిపోతుంది.

ఇక నా సంగతి. 1994లో ఐదో తరగతికి కొవ్వొత్తి ప్రయోగం చేశాను. సత్తు పళ్ళెంలో పసుపు నీళ్ళు, మధ్యలో వెలిగే కొవ్వొత్తి, దాని మీద బోర్లించిన గాజు గ్లాసు. మంట ఆరింది, నీళ్ళు గ్లాసులోకి ఎక్కాయి. ఆక్సిజన్ అయిపోయింది, గాలిలో అది ఐదో వంతు కాబట్టి నీళ్ళూ ఐదో వంతు ఎక్కాయి అని బోర్డు మీద రాసేశాను. చివరి వరసలో ఒకడు లేచి, "టీచర్, గ్లాసు పెట్టేటప్పుడు అంచు కింద బుడగలొచ్చాయి, గాలి బయటికి పోయింది కదా? నీళ్ళు కూడా మంట ఆరాకే గబగబా ఎక్కాయి" అన్నాడు. "పరీక్షలో బుడగలని రాస్తే సున్నా వేస్తారు, కూర్చో" అన్నాను. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

కొన్నేళ్ళకి ఒక ట్రైనింగులో మూడు కొవ్వొత్తులతో అదే ప్రయోగం చేయించారు. నీళ్ళు ఇంకా పైకి ఎక్కాయి. గ్లాసు అదే, అందులో గాలీ అంతే, మరి ఎక్కువ ఆక్సిజన్ ఎక్కణ్ణుంచి వస్తుంది? వేడికి గాలి వ్యాకోచించి కొంత బుడగలుగా పోతుంది, మంట ఆరాక మిగిలింది చల్లబడి ముడుచుకుంటుంది, బయటి గాలి నీళ్ళని లోపలికి నెడుతుంది. పైగా ఆక్సిజన్ మొత్తం అయిపోకముందే కొవ్వొత్తి ఆరిపోతుంది. వాడు చూసింది చూసినట్టే చెప్పాడమ్మా. ఆ ఏడాది మళ్ళీ చెయ్యెత్తలేదు. మార్కులు మాత్రం బాగానే వచ్చాయి, నేను రాయించిందే రాశాడుగా.

నీకసలే కోపం ముక్కు మీదుంటుంది. ఐదు తరగతులూ ఒకే గదిలో గోల చేస్తుంటే నీ నోటి నుంచీ ఆ "కూర్చో" వచ్చేస్తుంది, అదే నా భయం. ఆరేళ్ళప్పుడు చందమామ మన బస్సు వెంట ఎందుకొస్తున్నాడని అడిగి అడిగి రాత్రంతా నన్ను నిద్రపోనివ్వలేదు నువ్వు. అప్పుడు నేనేం విసుక్కోలేదు, గుర్తుందా?

అగ్గిపెట్టె పిల్లల చేతికివ్వకు. చున్నీ వెనక్కి ముడేసుకో. స్టీలు గ్లాసైతే లోపల కనపడదు, గాజుది ఇక్కడే కొనుక్కెళ్ళు. ఎవరైనా బుడగలు చూశామంటే ఆ రోజే ఫోన్ చెయ్యి, సిగ్నల్ దొరికితే.

పెద్దమ్మ