పీహెచ్‌డీ పోస్టుకి అప్లై చేస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ ప్రపోజల్ చదివాను. భాష బాగుంది, చదివింది కూడా చాలానే కనిపిస్తోంది, కానీ చివరిదాకా వచ్చినా అసలు నువ్వు ఏం తేల్చాలనుకుంటున్నావో నాకు దొరకలేదు. "కృత్రిమ మేధ - చట్టం: సవాళ్లు, అవకాశాలు" అని హెడ్డింగ్ పెట్టావు, అది సెమినార్ బ్యానర్‌కి సరిపోతుంది గానీ ఏళ్ల తరబడి జీతమిచ్చి చేయించుకునే పనికి కాదు.

ముందు ఒకటి బుర్రలోకి ఎక్కించుకో, యూరప్‌లో పీహెచ్‌డీ అంటే మామూలుగా సీటు కాదు, ఉద్యోగం. నెదర్లాండ్స్‌లో మామూలుగా 4 ఏళ్ల కాంట్రాక్ట్, యూనివర్సిటీ ఎంప్లాయీవే. నార్వేలో 3 ఏళ్లు, 25 శాతం టీచింగ్ లాంటి డ్యూటీ ఉంటే 4. జర్మనీలో చాలాచోట్ల ప్రొఫెసర్ కింద సగం పోస్టే ఇస్తారు, జీతమూ సగమే, అందులోనే ఆయన పనులూ చూడాలి. మేరీ క్యూరీ పోస్టులకైతే, అంటే యూరోపియన్ యూనియన్ డబ్బుతో నడిచే రీసెర్చ్ పోస్టులకైతే, ఇంకో మెలిక ఉంది, గత 36 నెలల్లో ఆ దేశంలో 12 నెలలకు మించి ఉండకూడదు, నువ్వెంత తెలివైనవాడివైనా ఇది దాటితే పక్కన పెట్టేస్తారు. అందుకే నోటిఫికేషన్ అక్షరం వదలకుండా చదువు. టాపిక్ వాళ్లదైతే నీ పాత ఎల్ఎల్ఎం డిసర్టేషన్ అతికించి పంపకు, ఇట్టే దొరికిపోతావు.

ఇక అసలు సంగతి, ప్రశ్న. నీ టాపిక్‌లోంచే చూపిస్తా. షూఫా అంటే మనుషులకి క్రెడిట్ స్కోర్ లెక్కేసిచ్చే జర్మన్ కంపెనీ. 2023 డిసెంబర్‌లో దాని కేసులో యూరోపియన్ యూనియన్ కోర్టు ఏమంది? బ్యాంకు ఆ స్కోర్ మీదే గట్టిగా ఆధారపడితే, స్కోర్ లెక్కేయడమే ఆటోమేటెడ్ నిర్ణయం, అంటే మెషీనే తీసుకున్న నిర్ణయం, అవుతుందని. నువ్వు అక్కడే ఆగిపోయావు. 2025 ఫిబ్రవరిలో అలాంటిదే ఇంకో కంపెనీ, డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్ కేసులో తీర్పు వచ్చింది కదా, నిర్ణయం ఎలా వచ్చిందో మనిషికి అర్థమయ్యేలా చెప్పాలి, కంపెనీ వ్యాపార రహస్యమని అడ్డం చెప్తే ఆ వివరాలు రెగ్యులేటర్‌కో కోర్టుకో ఇవ్వండి, వాళ్లు రెండువైపులా తూచి చెప్తారు అంది కోర్టు. ఇప్పుడు అడుగు: ఆ తూచేటప్పుడు లోన్ రాని మనిషి మాట ఎవరైనా వింటారా, తాను చూడని కాగితం గురించి అతను ఏమని వాదిస్తాడు? ఇదీ ప్రశ్న అంటే. దీనికి జవాబు ఎటైనా రావొచ్చు, నీకూ ముందే తెలీదు, ప్యానెల్‌కి కావాల్సింది అదే.

"డాక్ట్రినల్ మెథడ్ వాడతాను" అని, అంటే చట్టాలూ తీర్పులూ చదివి విశ్లేషిస్తానని, ఒక్క ముక్క రాసి వదిలేశావు, అలా చెల్లదు. ఏ చట్టం, ఏ కోర్టుల తీర్పులు, ఏ ఏడాది నుంచి, అవన్నీ రాయి. అయిదు దేశాలు పోలుస్తానన్నావు, రెండు చాలు, ఆ రెండే ఎందుకో చెప్పు. జర్మన్ రాకుండా జర్మనీని పెట్టుకుంటే కింది కోర్టు తీర్పులు ఎవరు చదివిపెడతారు నీకు?

కవర్ లెటర్‌లో చిన్నప్పటి నుంచి న్యాయమంటే ఇష్టం అనే పేరా తీసేయ్, అందరూ అదే రాస్తారు. రైటింగ్ శాంపిల్ అడిగితే పొడవాటిది కాదు, నువ్వు ఒకరితో విభేదించి నిలబడిన చాప్టర్ పంపు.

సీవీ తర్వాత చూద్దాం, ముందు ప్రశ్న ఒక్కటే తిరగరాసి పంపు, రెండు వాక్యాలు దాటితే చదవను.