ఎర్ర పెన్ను తియ్యకముందు

మహబూబ్‌నగర్

చిరంజీవి బిడ్డకు పెద్దనాయన ఆశీర్వాదాలు.

మొన్న రాత్రి ఫోన్లో నువ్వు అడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. "పెద్దనాయనా, తెలుగు టీచరుద్యోగమొచ్చి ఏడాది దాటింది. ట్రైనింగులకు పోతున్న, టీచర్ల ఆన్‌లైన్ వేదిక దీక్షలో కోర్సులు చేస్తున్న, సర్టిఫికెట్లు వస్తున్నయి. కానీ క్లాసుల అడుగుపెడితే మొదటిరోజు ఎట్లున్ననో అట్లనే ఉన్న" అన్నావు. రెండు రోజులుగా ఆ మాట నన్ను వదలడం లేదు. ముప్పై ఏళ్లు పైగా తెలుగు చెప్పినవాణ్ణి, ఫోన్లో రెండు ముక్కల్లో తేల్చే సంగతి కాదని కాగితం తీశాను. నిదానంగా చదువుకో.

ట్రైనింగులు మానుకోమని మాత్రం చెప్పను. ప్రతి టీచరుకూ ఏడాదికి కనీసం 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. ఆ గంటలు ఎలాగూ నిండాలి, నింపు. కాకపోతే ఉత్త చేతులతో పోకు. పోయే ముందు రోజు నీ క్లాసులో నిన్ను సతాయిస్తున్న ప్రశ్న ఒక్కటి కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకో. "ఎనిమిదో తరగతిలో ఆరుగురు వత్తులు చదవలేకపోతున్నారు, ఏం చెయ్యాలి?" లాంటిది. శిక్షణలో దానికి జవాబు దొరక్కపోయినా మధ్యాహ్నం భోజనాల దగ్గర పక్కన కూర్చున్న టీచర్ దగ్గర దొరుకుతుంది. నాకు చాలాసార్లు అక్కడే దొరికింది. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశానికీ ఇదే పద్ధతి. సంతకం పెట్టి వెనక వరసలో ఫోన్ చూసుకుంటూ కూర్చునేవాళ్లు ఉంటారు. నువ్వు మాత్రం నీ పిల్లల నోట్‌బుక్కులు రెండు సంచిలో పెట్టుకుని పో.

అసలు చెప్పాలనుకున్నది ఆ నోట్‌బుక్కుల గురించే.

సర్వీసులో చేరిన కొత్తలో నేను పనిచేసిన ఊళ్లో సగం ఇళ్లకు తాళాలుండేవి. పెద్దవాళ్లు బొంబాయికి పనికి పోతే, పిల్లలు అవ్వల దగ్గర ఉండి చదువుకునేవాళ్లు. ఒకసారి ఏడో తరగతి వాళ్లకు 'మా ఇల్లు' గురించి రాయమన్నాను. ఒక ఆడపిల్ల ఇలా రాసింది: "మా అమ్మ నాయిన బొంబాయి పోయిండ్రు. దసరాకు వస్తమన్నరు. మా అవ్వ రాత్రిపూట తలుపుకాడ పండుకుంటది." నేను ఎర్ర పెన్ను తీసి 'పోయిండ్రు' కొట్టేసి 'వెళ్లారు' అని రాశాను. 'వస్తమన్నరు'ను 'వస్తామన్నారు' చేశాను, 'తలుపుకాడ'ను 'తలుపు దగ్గర' చేశాను, 'పండుకుంటది'ని 'పడుకుంటుంది' చేశాను. పదికి మూడు మార్కులు వేసి ఇచ్చేశాను. తర్వాతి వారం 'మా ఊరు' గురించి రాయమంటే ఆ పిల్ల గైడులోని నాలుగు వాక్యాలు ఎత్తి రాసింది. ఒక్క తప్పు లేదు. అవ్వ లేదు, తలుపు లేదు, దసరా లేదు. ఆ ఏడాదంతా ఆ పిల్ల మళ్లీ సొంతంగా ఒక్క వాక్యం రాయలేదు.

ఆ అవ్వ తలుపు దగ్గర ఎందుకు పడుకుంటుందో నేను అడగనేలేదు. ఇప్పటికీ ఆ కాగితం నా కళ్ల ముందు మెదులుతుంది.

కాబట్టి రాత చేతికి రాగానే ముందు ఎర్ర పెన్ను తియ్యకు. పిల్ల ఏం చెప్పిందో చదువు. కింద ఒక్క వాక్యం జవాబు రాయి, "మీ అమ్మానాయినా దసరాకు వచ్చారా?" అని. ఆ తర్వాతే తప్పుల జోలికి పో. అవి చూసేటప్పుడు కూడా అన్నిటినీ ఒక్క గాటన కట్టకు. 'పోయిండ్రు' తప్పు కాదు, అది ఇంటి మాట. దానికి నోట్‌బుక్కులో ఎడమవైపు 'ఇంట్లో ఇట్లంటం', కుడివైపు 'పుస్తకంలో ఇట్లా రాస్తారు' అని రెండు వరసలు పెట్టించు. వరస నింపడం పిల్లలకు ఆటలా ఉంటుంది, ఎడమవైపు మాటకు అవమానమూ ఉండదు. 'బాష', 'విశయం' అని రాస్తే అది చెవికీ అక్షరానికీ మధ్య ఉన్న చిక్కు. మనం మాట్లాడేటప్పుడు బ, భ తేడా, శ, ష, స తేడాలు ఎంతమంది పలుకుతున్నాం? పలకనిదాన్ని పిల్ల విని రాయలేదు కదా, కంటితో పదేపదే చూసి నేర్చుకోవాలి. ఇక వాక్యం మధ్యలో తెగిపోయి భావం అందకపోతే పక్కన కూర్చోబెట్టుకుని "నోటితో చెప్పు బిడ్డా" అనాలి. నోటితో చెప్పినప్పుడు వాక్యం పూర్తవుతుంది, అప్పుడు అదే రాయమను. ఈ మూడింటికీ ఒకే ఎర్ర గీత కొడితే పిల్లకు అర్థమయ్యేది ఒక్కటే, తనకు తెలుగు రాదని.

మీ బడిలో సగం మంది తండాల పిల్లలని, ఇంట్లో లంబాడీ మాట్లాడేవాళ్లని చెప్పావు. వాళ్ల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. నా క్లాసులో ఒక తండా పిల్లవాడు "నాయిన వచ్చింది" అన్నప్పుడు మిగతావాళ్లు గొల్లున నవ్వేవాళ్లు. ఒక్కసారి వాడి వైపు నుంచి చూడు. మన తెలుగులో అమ్మ వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది. ఆడమనిషికీ పశువుకూ వస్తువుకూ ఒకటే 'వచ్చింది', మగవాడొక్కడే 'వచ్చాడు'. వేరే భాష ఇంట్లో మాట్లాడి వచ్చినవాడికి ఈ లెక్క పట్టుబడటం అంత తేలిక కాదు. వాడిది బద్ధకం కాదు, వాడు రెండో భాష నేర్చుకుంటున్నాడు. అందుకే నువ్వు కూడా వాళ్ల మాటలు ఒక వంద నేర్చుకో. అమ్మను 'యాడి' అంటారు, నీళ్లను 'పాణి' అంటారు. తప్పు పలుకు, వాళ్లు నిన్ను దిద్దనీ. టీచర్‌ను దిద్దిన పిల్లవాడు తర్వాత తనను దిద్దితే నొచ్చుకోడు.

ఇంకొకటి. మన రాష్ట్రంలో 2018 చట్టంతో అన్ని బడుల్లోనూ పదో తరగతి దాకా తెలుగు తప్పనిసరి అయింది కదా. తెలుగు ఇంటిభాష కాని పిల్లల కోసం, సీబీఎస్ఈ లాంటి బోర్డుల బడుల్లో, సులభ తెలుగు పాఠ్యపుస్తకంగా 'వెన్నెల'ను పెట్టారు. అది పట్నం పిల్లల పుస్తకం, మనకెందుకు అనుకోకు. ఒక కాపీ సంపాదించు. తెలుగును రెండో భాషగా ఎలా మెల్లగా ఎక్కించాలో దాన్ని చూస్తే ఆలోచనలు వస్తాయి, అవి నీ తండా పిల్లలకు పనికొస్తాయి.

చదవలేని పిల్లల గురించి కూడా అడిగావు. నేను తొమ్మిదో తరగతి చెప్పేటప్పుడు ఒకడుండేవాడు. పద్యం చదవమంటే గంట కొట్టినట్టు చదివేవాడు, వేలు కూడా అక్షరాల కింద జరిగేది. ఒకరోజు ఎందుకో అనుమానం వచ్చి "రెండో పాదంలో మూడో మాట ఏందిరా?" అన్నాను. వాడు మళ్లీ మొదటి పాదం నుంచి పాడుకుంటూ వచ్చి, వేళ్లు లెక్కపెట్టుకుని ఆ మాట చెప్పాడు. పద్యమంతా విని పట్టుకున్నాడు తప్ప ఒక్క అక్షరం చదవడం లేదు. తొమ్మిదేళ్లుగా ఎవ్వరమూ గమనించలేదు.

తెలుగు టీచర్లకిచ్చే పండిట్ ట్రైనింగులో నాకు ఛందస్సు నేర్పారు, సంధులు సమాసాలు నేర్పారు, చదవడం రాని పిల్లకు చదవడం ఎలా నేర్పాలో నేర్పలేదు. అదే ఆవరణలో ఉన్న ప్రైమరీ స్కూల్ టీచర్ దగ్గరికి పోయి, నా లీజర్ పీరియడ్లలో నెల రోజులు ఆమె క్లాసులో వెనక కూర్చున్నాను. వాడి పేరులోని అక్షరాలతో మొదలుపెట్టాలనీ, గుణింతం అంతా ఒకేసారి కాకుండా వాడికి తెలిసిన మాటల్లోంచే తీయాలనీ, అక్షరం ఆకారంలోనే ఉండే వత్తులు ముందు చెప్పి, రూపం మారే త, మ, య, ర, ల, న వత్తులు విడిగా తర్వాత చెప్పాలనీ ఆమే చూపించింది. నా సర్వీసు మొత్తంలో అంత పనికొచ్చిన శిక్షణ ఇంకొకటి లేదు. చదవడం, రాయడం వెనకబడినవాళ్లకు నేర్పే సర్కారు కార్యక్రమాలు, ప్రైమరీకి 2022లో తొలిమెట్టు, ఆ తర్వాత హైస్కూల్ పిల్లలకు ఉన్నతి వచ్చినయంటే ఇలాంటి పిల్లల కోసమే. ఆ రికార్డులు నింపడం ఒక పని, పిల్లవాడు నిజంగా చదువుతున్నాడా అని మధ్యలో మాట అడిగి చూడటం అసలు పని.

మీ బడిలో ఇద్దరు సీనియర్లు టెట్ (టీచర్ల అర్హత పరీక్ష) టెన్షన్‌లో ఉన్నారన్నావు. వాళ్ల బాధ నాకు తెలుసు. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది: రిటైర్మెంట్‌కు అయిదేళ్లకు పైగా ఉన్నవాళ్లు రెండేళ్లలో టెట్ పాస్ కావాలి, అయిదేళ్లలోపే ఉన్నవాళ్లు ఉద్యోగంలో ఉండొచ్చు గానీ ప్రమోషన్ కావాలంటే పాస్ కావాల్సిందే. మన భాషా టీచర్ల కష్టం ఇంకొంచెం ఎక్కువ. పేపర్ 2లో 150 మార్కులుంటే, తెలుగుకు 30, ఇంగ్లిష్‌కు 30, శిశు వికాసానికి 30. 60 మార్కులకు సోషలో, లెక్కలు-సైన్సో రాయాలి. ఇరవై ఏళ్లు పద్యం చెప్పిన మనిషి ఇప్పుడు భూగోళం పుస్తకం తెరవాలి. అర్హత మార్కులు జనరల్‌కు 90, బీసీలకు 75, ఎస్సీ ఎస్టీలకు 60. తలుచుకుని భయపడేకన్నా లెక్క వేసుకుంటే దారి కనపడుతుంది: భాషలు, శిశు వికాసంలో గట్టిగా తెచ్చుకుంటే సోషల్‌లో సగం వచ్చినా గట్టెక్కుతారు.

నువ్వు నిన్నమొన్న టెట్ రాసి, 2024 డీఎస్సీలో, అంటే టీచర్ ఉద్యోగాల పరీక్షలో, గెలిచి వచ్చినదానివి. నీ సోషల్ నోట్సు అటక మీద పడి ఉంటుంది. అవి తీసుకుపోయి వాళ్లకివ్వు. సాయంత్రం అరగంట కూర్చుని పాత పేపర్లు చేయించు. వాళ్లు పెద్దవాళ్లు, అడగడానికి మొహమాటపడతారు, అందుకే నువ్వే ముందు అడుగు. బదులుగా "సార్, వారానికి ఒక పీరియడ్ మీ క్లాసులో వెనక కూర్చుంటా" అని అడుగు. పాతికేళ్ల అనుభవం ఏ కోర్సులోనూ దొరకదు, ఆ క్లాసు గదిలోనే ఉంటుంది.

వార్తల సంగతి కొంచెమే చెప్తాను. వాట్సాప్ గ్రూపుల్లో రోజూ ఏదో ఒకటి వస్తుంది: బదిలీలు అంటారు, పరీక్షల పద్ధతి మారింది అంటారు, సిలబస్ మారింది అంటారు. జీవో నంబరు, తేదీ, కింద సంతకం చూడకుండా ఎవరికీ పంపకు. పాత ఏడాది ఉత్తర్వు కొత్తదని తిరుగుతుంటుంది. అనుమానముంటే హెచ్ఎంను అడుగు, ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసులో అడుగు. ఒక మాట అర్థం గురించి అనుమానం వచ్చినా అంతే, తోచింది చెప్పకు. ఫోన్లోనే ఆంధ్రభారతి నిఘంటువు ఉంది, భారతవాణిలో నిఘంటువులున్నాయి. పిల్లల ముందే తెరిచి వెతుకు. టీచరుకు కూడా తెలియనివి ఉంటాయని, వెతికితే దొరుకుతాయని వాళ్లు చూడాలి.

చివరగా నాకు చాలా ఇష్టమైన పని ఒకటి చెప్తాను, వీలైతే ఈ ఏడాదే మొదలుపెట్టు. మన గద్వాల ప్రాంతం బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారు, తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవుల రచనలతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. ఊరూరా ఉన్నవాళ్లను పోగు చేసి చూపించారు. ఇప్పుడు తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరే పెట్టారు. నీ పిల్లలతో ఆ పని చిన్నగా చేయించు. ఒక్కొక్కరు ఇంట్లో పెద్దవాళ్లను అడిగి వారానికి అయిదు మాటలు తేవాలి. గుంటుక, దంతె, గొర్రు, కల్లం, మోట, బొక్కెన, ఏ మాటైనా సరే. తండా పిల్లలు వాళ్ల మాటలు తెలుగు లిపిలో రాసి తేవాలి. పక్కన అర్థం, ఆ మాటతో అవ్వో తాతో చెప్పిన ఒక వాక్యం. సెప్టెంబర్ 9న తెలంగాణ భాషా దినోత్సవం నాడు కవి కాళోజీ గారి ఫొటోకు దండ వేసి ఊరుకోకుండా, ఆ పుస్తకం బల్ల మీద పెట్టి ఆ అవ్వల్నే బడికి పిలువు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఒక క్లాసు నోట్‌బుక్కులు సంచిలో పెట్టుకుని రా. దిద్దినవి వద్దు, దిద్దనివి తే. ఇద్దరం వాకిట్లో కూర్చుని చదువుదాం. మీ పెద్దమ్మ సకినాలు చేస్తానంటున్నది.

ఆశీస్సులతో
పెద్దనాయన