అన్నమా, కొర్రలా, ఉపవాసమా: నా అనుభవం నుంచి ఒక జవాబు

అన్నం పూర్తిగా మానేయడం, అన్నానికి బదులు కొర్రలు, అరికెలు వండుకోవడం, రోజుకు పదహారు గంటలు ఉపవాసం ఉండడం: బరువు తగ్గి షుగరు అదుపులోకి రావడానికి ఈ మూడింటిలో ఏది మేలని అడిగారు. మెట్‌ఫార్మిన్‌తో పాటు గ్లిమెపిరైడ్ కూడా వేసుకుంటున్నానని రాశారు కనుక, తిండి కన్నా ముందు ఆ రెండో మాత్ర గురించి చెప్పాలి.

ఆరేళ్ల కిందట నా బరువు 86 కిలోలు, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగరును చూపే రక్తపరీక్ష) 8.4 శాతం. అన్నం, చపాతీ, పప్పు అన్నీ మానేసి గుడ్లు, పనీరు, కొబ్బరినూనె, ఆకుకూరలతో గడిపే పద్ధతిని డాక్టరుగారికి చెప్పకుండా, మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ మాత్రలు యథాప్రకారం వేసుకుంటూనే మొదలుపెట్టాను. మూడో రోజు సాయంత్రం బస్టాండులో నిలబడి ఉండగా చొక్కా తడిసేలా చెమట పట్టింది, చేతులు వణికాయి, ఎదురుగా ఉన్న బస్సు బోర్డు మీది అక్షరాలు అలుక్కుపోయాయి. సంచిలోని గ్లూకోమీటరుతో చూస్తే షుగరు 54. పక్కనున్న టీకొట్టులో మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపించుకుని తాగాక, పావుగంటకు తేరుకున్నాను. మనం తిన్నా తినకపోయినా గ్లిమెపిరైడ్ క్లోమం చేత ఇన్సులిన్‌ను విడుదల చేయిస్తుంది. లోపలికి పిండిపదార్థం రానప్పుడు షుగరు పడిపోక ఏం చేస్తుంది? మర్నాడు డాక్టరుగారు ఆ మాత్ర ఆపించారు.

బ్రిటన్‌లో జరిగి, 2017లో ఫలితాలు వెలువడిన ‘డైరెక్ట్’ (DiRECT) అనే అధ్యయనంలో టైప్ 2 షుగరు ఉన్నవారికి రోజుకు సుమారు 850 కేలరీల ద్రవాహారం మూడు నుంచి అయిదు నెలలు ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి 46 శాతం మందికి మాత్రలు లేకుండానే హెచ్‌బీఏ1సీ 6.5 లోపుకు వచ్చింది. 15 కిలోలు, అంతకు మించి తగ్గినవారిలో అది 86 శాతం. అయితే వారంతా జబ్బు బయటపడి ఆరేళ్లు దాటనివారు, ఇన్సులిన్ వాడనివారు. పైగా మొదటి రోజే వారి షుగరు మాత్రలను వైద్యులే ఆపించారు. మనవాళ్లు ఈ సంగతి వదిలేసి తక్కిన కథంతా చెబుతారు, అదే నా బాధ.

కొర్రల విషయంలో నేనూ పొరబడ్డాను. కొర్రన్నం కదా అని పళ్లెం నిండా పెట్టుకున్న రోజు రెండు గంటల తరువాత షుగరు 196 ఉంది. తూకం వేసి 150 గ్రాముల తెల్లన్నమే పెట్టుకుని, ముందుగా బీరకాయ కూర, ఒక గుడ్డు తిని, తరువాత దోసకాయ పప్పుతో ఆ అన్నం తిన్న రోజు 151. ఆ 150 గ్రాముల అన్నంలో పిండిపదార్థం 42 గ్రాముల దాకా ఉంటుంది. కొర్రల్లో పీచు ఎక్కువన్నది నిజమే, కానీ అవీ పిండిపదార్థమే. మెత్తగా పిండి పట్టించి జావ కాచుకుంటే ఆ పీచు వల్ల కలిగే మేలు కూడా చాలావరకు పోతుంది.

ఈ కొలత అన్నంతో, రాత్రి ఏడింటికే భోజనం ముగించి, పద్నాలుగు నెలల్లో 77 కిలోలకు వచ్చాను. హెచ్‌బీఏ1సీ 6.3. మెట్‌ఫార్మిన్ ఒక్కటే మిగిలింది. పదహారు గంటల ఉపవాసం నేను చేయలేదు కాబట్టి దాని గురించి సలహా చెప్పను. మీరు మాత్రం వారం రోజులు భోజనానికి ముందు, రెండు గంటల తరువాత చూసుకున్న రీడింగులు రాసుకుని డాక్టరుగారి దగ్గరకు వెళ్లండి. గ్లిమెపిరైడ్ మోతాదు తేలేదాకా ఒక్క పూట భోజనం కూడా మానవద్దని వేడుకుంటున్నాను.