1968 ఏప్రిల్‌లో వాషింగ్టన్‌లో నేను చూసింది

“మార్టిన్ లూథర్ కింగ్ జీవితమంతా అహింస బోధించారు కదా, ఆయన హత్య తర్వాత ఆయన మనుషులే నగరాలు తగలబెట్టడం ఏమిటి? అది దుఃఖమా, దోపిడీయా?” అని మీరు అడిగారు. అప్పట్లో నేను వాషింగ్టన్‌లో చదువుకుంటూ, పద్నాలుగో వీధికి దగ్గరలో ఒక నల్లజాతి కుటుంబం ఇంట్లో మేడ మీద గదిలో అద్దెకు ఉండేవాడిని.

ఏప్రిల్ 4, గురువారం. టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్ నగరంలో లొరైన్ మోటెల్ బాల్కనీలో నిలబడి ఉండగా కింగ్‌ను కాల్చారు. రేడియోలో మొదట గాయపడ్డారనే చెప్పారు. ఇంటావిడ పొయ్యి ఆపేసి వచ్చి రేడియో ముందు కూర్చుంది. చనిపోయారని చెప్పినప్పుడు ఆమె ఏడవలేదు. 1963లో మెడ్గర్ ఎవర్స్, 1965లో మాల్కమ్ ఎక్స్, ఇప్పుడు ఈయన అంటూ హత్యకు గురైన నల్లజాతి నాయకులను వేళ్లు మడిచి లెక్కపెట్టింది. అంతకుముందు ఆదివారమే, మార్చి 31న, కింగ్ మా ఊళ్లోనే నేషనల్ కెథీడ్రల్‌లో ప్రసంగించి వెళ్లారు.

ఆ రాత్రి పద్నాలుగో వీధి, యూ వీధి కూడలిలో గుమిగూడినవాళ్లు ముందుగా చేసింది నిప్పు పెట్టడం కాదు. ఆయన మీద గౌరవంతో దుకాణాలు మూసేయమని అడుగుతూ తిరిగారు. ఆ గుంపు ముందు నల్లజాతి ఉద్యమ యువనేత స్టోక్లీ కార్మైకేల్ ఉన్నారు. తర్వాత ఎక్కడో ఒక అద్దం పగిలింది, ఇక ఎవరి మాటా ఎవరూ వినలేదు. శుక్రవారం మధ్యాహ్నానికి ఏడో వీధి, హెచ్ వీధి కూడా మంటల్లో ఉన్నాయి. మా సందు మూల మంగలి షాపు యజమాని సబ్బుతో అద్దం మీద “సోల్ బ్రదర్” అని రాసి, చెయ్యి వణుకుతుంటే చెరిపి మళ్లీ పెద్ద అక్షరాలతో రాశాడు. ఇది మనవాడిది, వదిలేయండి అని వేడుకోవడం అది. బాష్పవాయువు మా గదుల్లోకి వస్తుంటే తడి తువ్వాళ్లు కిటికీల సందుల్లో కుక్కాం. కర్ఫ్యూ పెట్టారు, పదమూడు వేలకు పైగా సైనికులు దిగారు, ఆరు వేల మందికి పైగా అరెస్టయ్యారు. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది నల్లవాళ్లే.

మీ ప్రశ్నలో “దుఃఖమా, దోపిడీయా” అన్న చోట నాకు అభ్యంతరం. రెండూ ఉన్నాయి, ఒక్కోసారి ఒకే మనిషిలో ఉన్నాయి. ఇంటావిడ చెల్లెలి కొడుకు శుక్రవారం రాత్రి మసి పట్టిన చొక్కాతో, చంకలో కొత్త బూట్ల పెట్టెతో వచ్చాడు. ఆమె వాడి చెంప పగలగొట్టింది, ఆ పెట్టెను గడప దాటనివ్వలేదు, తర్వాత భోజనం పెట్టింది. ఆదివారం మట్టల పండుగ, ఈస్టర్‌కు వారం ముందు మట్టలు పట్టుకుని చర్చికి వెళ్లే రోజు. చర్చిలో మట్ట పట్టుకుని వాడు ఏడ్చిన ఏడుపు నటన కాదు. ఆ మట్టలతోనే అందరం తుపాకుల కుర్రాళ్ల ముందు నుంచి ఇంటికి నడిచాం.

“ఆయన మనుషులే” అనడం కూడా సరికాదు. రాళ్లు వేసినవాళ్లలో చాలామందికి ఆయన దారి మీద నమ్మకం అప్పటికే పోయింది. ఆయన మనుషులను చూడాలంటే మెంఫిస్‌నే చూడాలి. అక్కడ ఫిబ్రవరి 1న చెత్త లారీ యంత్రంలో నలిగి ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్ అనే ఇద్దరు కార్మికులు చనిపోయారు. పారిశుద్ధ్య కార్మికులు సమ్మెకు దిగారు. వాళ్లకు అండగానే కింగ్ ఆ ఊరు వెళ్లారు. ఏప్రిల్ 8న, భర్త అంత్యక్రియలు ఇంకా జరగకముందే, కొరెటా స్కాట్ కింగ్ పిల్లలను వెంటబెట్టుకుని అదే వీధుల్లో ముందు నడిచారు. వెనుక వేలమంది మౌనంగా నడిచారు. 16న నగరపాలక సంస్థ ఒప్పందానికి వచ్చింది. మంటల ఫొటోలు చూసినంతమంది ఈ ఊరేగింపు గురించి వినలేదు, అది నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది.

ఇళ్ల అమ్మకాల్లో, అద్దెల్లో జాతి వివక్షను నిషేధించే బిల్లు కాంగ్రెస్‌లో నలిగి నలిగి, హత్య జరిగిన వారానికి, ఏప్రిల్ 11న చట్టమైంది. ఇంటావిడ పేపర్లో ఆ వార్త చదివి మడిచి పక్కన పెట్టింది, ఒక్క మాట కూడా అనలేదు.

కాలిపోయిన వీధుల సంగతి ఎవరూ అడగరు. పద్నాలుగో వీధిలో ఏళ్ల తరబడి ఖాళీ స్థలాలే కనిపించేవి. యూ వీధికి మెట్రో స్టేషన్ 1991లో వచ్చింది. ఆ తర్వాత మెరుగైన వీధుల్లో పెరిగిన అద్దెలు కట్టలేక పాతవాళ్లు చాలామంది వెళ్లిపోయారు. నేనున్న ఇంటివాళ్లూ వెళ్లిపోయారు.