ట్రిపుల్ వద్దండి, కాంపాక్ట్ డబుల్ చాలు

వైజాగ్ నుంచి సైకిల్ మీద అరకు వెళ్తుంటే అనంతగిరి ఘాట్‌లో మోకాళ్ళు పట్టేస్తున్నాయి, ముందు పెడల్ దగ్గర రింగులు (పళ్ళ చక్రాలు) 53-39 పళ్ళవి, వెనక క్యాసెట్ (పళ్ళ చక్రాల గుత్తి) 11-25 పళ్ళది ఉంది, షాపువాళ్ళు ట్రిపుల్, అంటే ముందు మూడు రింగులది, వేసుకోమంటున్నారు అన్నారు కదా. నేనైతే వద్దంటానండి. ట్రిపుల్ అంటే క్రాంక్ (పెడల్ చేతులు, రింగులు ఉండే భాగం) ఒక్కటి మారిస్తే అయిపోదు, ముందు డిరెయిలర్ (చెయిన్‌ని ఒక రింగు నుంచి ఇంకోదానికి జరిపేది), వెనక లాంగ్ కేజ్ డిరెయిలర్ (చెయిన్ వదులుని లాగిపట్టే చేయి పొడవుగా ఉన్నది), చాలాసార్లు ఎడమ షిఫ్టర్ (గేర్ మార్చే లీవర్), బాటమ్ బ్రాకెట్ (క్రాంక్ తిరిగే బేరింగ్) కూడా మార్చాల్సి వస్తుంది, అంత డబ్బు ఎందుకు చెప్పండి.

లెక్క చూడండి. ఇప్పుడు మీ అన్నిటికంటే తేలిక గేర్ 39/25, అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం 1.56 చుట్లు. ట్రిపుల్‌లో 30 పళ్ళ రింగుకి వెనక అదే 25 అయితే 1.2. అదే ముందు 50-34 కాంపాక్ట్ డబుల్ (కాస్త చిన్న రింగులు రెండు ఉన్నది), వెనక 11-32 పెడితే 1.06! ఘాట్‌లో ఈ తేడా మోకాళ్ళకి బాగా తెలుస్తుంది.

కాకపోతే మీది ఐదు చేతుల పాత క్రాంక్ అయి, రింగుని బిగించే బోల్టుల వలయం వ్యాసం 130 మిల్లీమీటర్లు ఉంటే 34 రింగు ఎక్కదు, 110ది కొనాలి. ముందు డిరెయిలర్ కాస్త కిందికి దించాలి, వెనక షార్ట్ కేజ్ ఉంటే అది 32కి సరిపోదు, మీడియం కేజ్ తీసుకోండి, క్యాసెట్ మీ షిఫ్టర్‌కి ఎన్ని స్పీడులో అన్నే ఉండాలి, చెయిన్ కూడా సరిగ్గా కొలిచి వేయించండి.

50 నుంచి 34కి దిగినప్పుడు కాళ్ళు ఒక్కసారిగా గిర్రున తిరుగుతాయి, అప్పుడే వెనక రెండు మూడు గేర్లు బిగువుకి వేసేయండి, అలవాటైపోతుంది. బ్యాగులు కట్టుకుని రోజుల తరబడి కొండలెక్కే ఆలోచన ఉంటే మాత్రం ట్రిపులే మంచిది, 30/32 అంటే 0.94 వస్తుంది.