ఒడిశా తెలుగు ఊళ్లలో పంచాయతీ ఫలితాలు ఏ పార్టీ వైపు ఉంటాయి?

"గజపతి, గంజాం, రాయగడ జిల్లాల్లో తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు కదా, అక్కడ పంచాయతీ ఎన్నికల్లో తెలుగు ఓటు ఏ పార్టీకి పడుతుంది?" అని అడిగారు. మాది గజపతి జిల్లా, గోసాని బ్లాకు (మీ మండలం లాంటిది). పర్లాకిమిడిలో జెరాక్స్ షాపు నడుపుతున్నాను. 2022లో మా వదిన సర్పంచ్‌గా పోటీ చేసింది. అందుకే ఈ ప్రశ్న చూసి ఊరుకోలేకపోయాను.

పార్టీల లెక్క త్వరగా చెప్పేస్తాను. 2022 ఫిబ్రవరిలో ఒడిశా మొత్తం మీద ఎనిమిది వందల యాభై చిల్లర జిల్లా పరిషత్ స్థానాలుంటే 766 బిజూ జనతాదళ్‌కి వచ్చాయి. బీజేపీకి 42, కాంగ్రెస్‌కి 37. మొత్తం 30 జిల్లాల పీఠాలూ బిజూ జనతాదళ్‌వే. రెండేళ్లు తిరిగేసరికి, 2024లో, అదే పార్టీ రాష్ట్రంలో అధికారం పోగొట్టుకుంది. ఆ 766 చూసి మా ఊళ్ల గురించి ఏదో తెలిసిపోయిందనుకోవద్దు. ఇక్కడ ఓటరు చేతికి నాలుగు కాగితాలిస్తారు. వార్డు మెంబరుకి ఒకటి, సర్పంచ్‌కి ఒకటి, బ్లాకు స్థాయిలో ఉండే పంచాయతీ సమితి మెంబరుకి ఒకటి, జిల్లా పరిషత్‌కి ఒకటి. పార్టీ గుర్తు ఉండేది ఆ చివరిదాని మీదే. అక్కడ బిజూ జనతాదళ్ గుర్తయిన శంఖం మీద ముద్ర వేసినవాళ్లే సర్పంచ్ దగ్గరకొచ్చేసరికి నిలువునా చీలిపోతారు. అన్నదమ్ముల వాటాలు, చెరువు నీళ్లు, పాత అప్పులు, పెళ్లిలో పిలుపు అందలేదన్న కోపం, అన్నీ అక్కడే తేలతాయి.

నన్నడిగితే మా ఊళ్లలో సగం ఫలితం నామినేషన్ల రోజునే తేలిపోతుంది. ఎందుకంటే 1964 నాటి ఒడిశా గ్రామ పంచాయతీల చట్టం ప్రకారం సర్పంచ్‌గా నిలబడాలంటే 21 ఏళ్లు నిండాలి, ఒడియా చదవడం, రాయడం వచ్చి ఉండాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటు వచ్చింది, పాతపట్నం అటు ఉండిపోయింది. రాష్ట్రాలు వేరైనా చుట్టరికాలు వేరవలేదు. మా ఊరి కోడళ్లలో సగం మంది పాతపట్నం, టెక్కలి, మెళియాపుట్టి వైపు నుంచి వచ్చినవాళ్లే. డిగ్రీ చదివినా అది తెలుగులోనే. 2012 ఎన్నికల నుంచి ఒడిశా పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్లవి. మా ఊరి సీటు మహిళలకి వచ్చిందంటే పోటీకి మిగిలేది ఒడియా చదువుకున్న రెండు మూడు ఇళ్ల ఆడవాళ్లే. మిగతా ఇళ్లు ఎవరికో ఒకరికి ఓటేసి రావాలి. ఏ టీవీ విశ్లేషణలోనూ ఈ మాట వినలేదు నేను.

మా వదినది పాతపట్నం దగ్గర పల్లె. బి.ఎ. తెలుగు మీడియం. పెళ్లయి పద్నాలుగేళ్లయినా ఒడియా మాట్లాడడం వచ్చింది గానీ చదవడం రాలేదు. 2021లో సర్పంచ్ సీటు మహిళలకే రావచ్చని ఊళ్లో అనుకుంటుండగా ఒక రాత్రి అన్నం వడ్డిస్తూ, "బాబూ, నాకు ఒడియా నేర్పిస్తావా?" అంది. అన్నయ్య తలెత్తి చూశాడు. ఆ రాత్రే పిల్లాడి పలక తీసుకుని కూర్చున్నాం.

మాట వచ్చినవాళ్లకి అక్షరం సులువనుకుంటారు. సులువు కాదు. ఒడియాలో 'కమళ' అని రాసి 'కొమొళొ' అని పలుకుతారు. అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది 'ఠ'. ఒడియా 'ఠ' అచ్చం మన సున్నలా గుండ్రంగా ఉంటుంది. ముప్పై ఏళ్లకు పైగా ఆ గుండ్రాన్ని సున్నగా చదివిన కన్ను ఒక్కసారిగా మారదు. 'పాఠ' అని రాసిస్తే వదిన 'పాం' అని చదివేది. చదివాక నాలిక కరుచుకుని, చీర కొంగుతో పలక తుడిచి, అదే మాట పదిసార్లు రాసేది. పగలు నా షాపుకొచ్చే పాత ఒడియా పేపర్లు తీసుకెళ్లి పొయ్యి దగ్గర పెట్టుకునేది. పేర్ల చివర గౌరవానికి చేర్చే 'ంక' పేపర్లో అడుగడుగునా కనబడుతుంది. ఆ ఒత్తక్షరం గుర్తుపట్టిన రోజు వదిన ముఖం చూడాలి. "ఇది వచ్చేసిందంటే సగం పేపరు వచ్చేసినట్టే బాబూ" అంది.

నామినేషన్ల పరిశీలన రోజున అనుకున్నదే జరిగింది. ఈవిడ అటువైపు మనిషి, ఒడియా రాదు అని అవతలివాళ్లు అభ్యంతరం పెట్టారు. అధికారి ఆ రోజు పేపరు వదిన ముందు పెట్టి, ఒక వార్త చూపించి చదవమన్నారు. ధాన్యం కొనుగోలు మీద వార్త. వదిన వేలు అక్షరాల కింద పెట్టి మెల్లగా మొదలుపెట్టింది. గదిలో ఇరవై మంది ఉన్నా ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. మూడో వాక్యంలో ఒక చోట ఆగింది. నాకు టెన్షన్‌తో అరచేతులు చెమట పట్టాయి. రెండుసార్లు పెదాలు కదిపి, ఆ మాట సరిగ్గానే చదివింది. తర్వాత తెల్ల కాగితం మీద తన పేరు, ఊరు, పంచాయతీ ఒడియాలో రాసిచ్చింది. అధికారి తల ఊపి నామినేషన్ చెల్లుతుందన్నారు. బయటికొచ్చాక అన్నయ్య ఏడ్చేశాడు. మా ఊరి గోదాలో మాకు ఇష్టమైన మనిషి నిలబడడం మాకు అదే మొదటిసారి.

ఫలితం కూడా చెప్పాలి కదా. అంతకుముందు ఓట్లేసిన బడిలోనే సాయంత్రానికల్లా లెక్కపెట్టేసేవారు. 2022లో బ్యాలెట్ పెట్టెలు బ్లాకు కేంద్రానికి తీసుకెళ్లి ఫిబ్రవరి 26, 27, 28 తేదీల్లో లెక్కించారు. అన్నాళ్లూ ఊళ్లో ఎవరూ ఎవరి కళ్లలోకీ సరిగ్గా చూడలేదు. వదిన 19 ఓట్లతో ఓడిపోయింది. చెల్లని ఓట్లు మాత్రం అంతకు మూడింతలు. కొన్ని కాగితాల్లో ముద్ర రెండు గుర్తుల మధ్య గీత మీద పడింది, కొన్నిట్లో అసలు ముద్రే లేదు. మా వీధి ముసలమ్మలు నాలుగు కాగితాలు ఒకేసారి చేతికొచ్చేసరికి కంగారుపడ్డారని తర్వాత తెలిసింది. ఇంటింటికీ తిరిగి ఓటడిగాం గానీ, ముద్ర ఎలా వేయాలో, కాగితం ఎలా మడవాలో కూర్చోబెట్టి చూపించలేదు. ఆ తప్పు మాదే. ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఒడియా రావాలన్న నిబంధనే తీసేయాలని కొందరంటారు. నేను ఒప్పుకోను. మధుబాబు పింఛను కాగితమైనా, పట్టా అయినా, బ్లాకు నుంచి వచ్చే ప్రతి ఉత్తరమైనా ఒడియాలోనే ఉంటుంది. చదవడం రాని సర్పంచ్ ఎవరో చూపించిన చోట సంతకం పెడతాడు. అలాంటి సంతకాల వల్ల వచ్చిన చిక్కులు వారానికి రెండైనా నా షాపు కౌంటర్ మీదకొస్తాయి. నా కోపమల్లా నేర్పించకపోవడం మీద. పెద్దవాళ్లకి, ముఖ్యంగా కోడళ్లకి, ఒడియా చెప్పేవాళ్లు లేరు. ఇటు మా ఊరి బడిలో తెలుగు చెప్పిన మాస్టారు రిటైరయ్యాక ఇంకొకరు రాలేదు. పిల్లలకి తెలుగు పోతోంది, పెద్దలకి ఒడియా అందడం లేదు. రెండు రాష్ట్రాలూ మావంటే మావనే సరిహద్దులోని కొఠియా ఊళ్ల విషయంలో చూడండి, 2021 ఫిబ్రవరి 13న ఆంధ్ర వెళ్లి పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అక్కడి ఓటరు కోసం రెండు రాష్ట్రాలు పోటీపడ్డాయి. మా ఊళ్లకి ఒక్క టీచరు కోసం ఎవరూ పోటీపడరు. శ్రీకాకుళంలో చుట్టాలైతే మా ఫలితాల రోజున ఫోన్ చేసి "మీకు అక్కడ ఫ్యానా, సైకిలా?" అంటారు. వాళ్లకి మేం ఏ రాష్ట్రంలో ఓటేస్తామో కూడా గుర్తుండదు.

మళ్లీ పంచాయతీ ఎన్నికలు 2027లో రావాలి. సీటు ఎవరికి రిజర్వ్ అయిందో ప్రకటన వచ్చాక ఒడియా మొదలుపెడితే అందదు. వదిన రోజూ కూర్చున్నా ఏడు నెలలు పట్టింది. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో నిలబడాలని ఉన్న ఆడవాళ్లుంటే ఇవాళే పలక తీయించండి. వదిన అప్పుడు రాసుకున్న నోటుపుస్తకం నా దగ్గరుంది. ఒక వైపు ఒడియా అక్షరం, పక్కన తెలుగు అక్షరం, కింద పేపర్లోంచి ఎత్తిన మాట. పర్లాకిమిడి వచ్చినప్పుడు షాపుకి రండి, మొత్తం జెరాక్స్ తీసి ఇస్తాను. డబ్బులు అక్కర్లేదు.